సీమ నడుము నొప్పికి కైరోప్రాక్టిక్: ఎవరికి మేలు, ఎవరికి ముప్పు

ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తి దించే కూలీకి, ధర్మవరంలో గుంత మగ్గం ముందు పొద్దుగూకేదాకా కూర్చునే నేతగాడికి, బుడ్డల చేలో నడుము వంచి కలుపు తీసే ఆడకూలీకి, సుగ్గికని గుంటూరు మిరప తోటలకు పోయి వారాల తరబడి వంగి కాయ కోసే కుటుంబాలకు నడుము నొప్పి కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా సెల్‌ఫోన్‌లో కనిపించే వైద్యం. మనిషిని బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, భుజాన్ని ఒకవైపు, తుంటిని ఇంకోవైపు తిప్పి ఒక్క ఊపు ఊపుతారు. టక్కుమని చప్పుడు వస్తుంది. లేచిన మనిషి ముఖం వెలిగిపోతుంది. ఇలాంటి వీడియోలు చూసి అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని వెళ్తున్నారు. వెన్నును, కీళ్లను ఇలా చేత్తో సర్దే వైద్యం పేరే కైరోప్రాక్టిక్. ఫిజియోథెరపీ క్లినిక్కుల బోర్డుల మీదికి కూడా ఆ మాట వచ్చి చేరుతోంది.

దీని మీద జరిగే చర్చ మామూలుగా రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. అద్భుతమని ఒకరంటారు, మోసమని ఇంకొకరంటారు. రెండూ తొందరపాటు మాటలే. మామూలు నడుము నొప్పికి ఈ పద్ధతి కొంత పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలున్నాయి. కానీ ఎవరి నడుముకు, ఆ నొప్పి దేనివల్ల వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో యాభై ఏళ్లు బతికిన రైతు, గొర్రెల మందతో తిరిగే కాపరి, కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగిన ముసలమ్మ, ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగి: ఈ నలుగురూ నడుము పట్టేసిందనే చెబుతారు. లోపల మాత్రం నాలుగు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. చెయ్యి వేసే ముందు ఆ తేడా కనిపెట్టని వైద్యం రాయలసీమలో ప్రమాదకరం.

కైరోప్రాక్టిక్ పుట్టింది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ పట్టణంలో, 1895లో. డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, హార్వీ లిల్లార్డ్ అనే మనిషి వెన్నుపూసను సర్ది, పోయిన వినికిడిని తెప్పించానని చెప్పుకున్నాడు. వెన్నుపూసలు చోటు తప్పి నరాలను ఒత్తడం వల్లే రోగాల్లో ఎక్కువ భాగం వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. అది పరీక్షకు నిలబడలేదు. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో చదువుకుని వచ్చిన కైరోప్రాక్టర్లలో చాలామంది నడుము, మెడ, కీళ్ల నొప్పుల వరకే తమ పనిని పరిమితం చేసుకుంటున్నారు. పాత సిద్ధాంతాన్ని వదలని వాళ్లూ ఉన్నారు. వెన్ను సర్దితే షుగర్, బీపీ, ఉబ్బసం తగ్గుతాయని, పిల్లలు పుడతారని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పని లేదు. వాటికి సరైన ఆధారం లేదు.

ఆ చప్పుడు ఎక్కడిది?

పక్కకు జరిగిన ఎముక తిరిగి చోటికి చేరినప్పుడు ఆ టక్కుమనే చప్పుడు వస్తుందని జనం అనుకుంటారు. కొందరు వైద్యులు కూడా అలాగే చెబుతారు. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు వేలి మెటిక విరుస్తున్న క్షణంలో ఎంఆర్ఐ తీసి చూశారు. కీలులోని ద్రవంలో ఉన్నట్టుండి గ్యాస్ ఖాళీ ఒకటి ఏర్పడటం, చప్పుడు సరిగ్గా అప్పుడే రావడం కనిపించింది. వెన్నులోని చిన్న చిన్న కీళ్ల చప్పుడు కూడా ఈ కోవలోదే. ఒకసారి విరిచిన మెటికను వెంటనే మళ్లీ విరిస్తే చప్పుడు రాదు, కొంతసేపు ఆగాలి. ఎముక జరగడం వల్ల వచ్చే చప్పుడైతే ఇలా ఉండదు.

ఇంకా గట్టి సాక్ష్యం 1998లోనే వచ్చింది. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి అనే ఎముక తుంటి ఎముకను కలిసే కీలును సర్దడానికి ముందు, తర్వాత, చాలా సూక్ష్మంగా కొలిచే ఎక్స్‌రే పద్ధతితో కొద్దిమంది రోగులను పరీక్షించారు. చేత్తో పట్టి చూసినప్పుడు కీలు సర్దుకున్నట్టే అనిపించింది. కొలిచి చూస్తే ఎముక చోటు మారలేదు. కాబట్టి చప్పుడు వస్తే వైద్యం ఫలించినట్టూ కాదు, రాకపోతే విఫలమైనట్టూ కాదు. చప్పుడు వచ్చేదాకా మళ్లీ మళ్లీ మెలితిప్పే వైద్యుడి దగ్గర జాగ్రత్తగా ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

ఎముక జరగకపోయినా చాలామందికి నొప్పి తగ్గుతుంది, అది భ్రమ కాదు. నడుము పట్టేసినప్పుడు చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని కాపలా కాస్తాయి. ఆ బిగువే సగం బాధ. కీలును వేగంగా, కొద్ది దూరం మాత్రమే కదిపే ఊపు ఇచ్చినప్పుడు అక్కడి నుంచి వెన్నుపాముకు, మెదడుకు వెళ్లే సంకేతాలు మారి కండరం కొంత వదులవుతుంది. నొప్పి తెలియడం తగ్గుతుంది. ఈ ఊరట కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది. ఆ సమయంలో రోగి లేచి నడిచి, వ్యాయామం మొదలుపెడితే లాభం నిలుస్తుంది. ఇంటికెళ్లి మంచమెక్కితే నాలుగు రోజుల్లో మొదటికొస్తుంది.

ఆధారాల లెక్క కూడా ఇలాగే ఉంది. ఈ చేతి వైద్యం మీద జరిగిన 26 పరీక్షలను కలిపి 2017లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి ఇది మేలు చేసింది, అయితే ఆ మేలు నొప్పిని నూటికి కొలిస్తే సుమారు పది పాయింట్లు తగ్గేంత. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2016లో దీన్ని వ్యాయామంతో కలిపి ఇవ్వవచ్చన్నాయి, విడిగా ఇవ్వమనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుము నొప్పి మీద విడుదల చేసిన మార్గదర్శకాల్లో దీన్ని షరతులతో చేర్చింది. ఇతర మంచి చికిత్సలతో పోల్చిన పరీక్షల్లో ఇది వాటికి తగ్గలేదు, వాటిని మించనూ లేదు. ఊళ్లోనో దగ్గరి పట్టణంలోనో ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామంతో దాదాపు అంతే ఫలితం వస్తుందంటే, రెండు రోజుల కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని బెంగళూరు వెళ్లాల్సిన అవసరం చాలామందికి లేదు.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్తగా పట్టేసిన నడుము నొప్పి ఏ వైద్యం చేసినా, చేయకపోయినా ఎక్కువమందికి కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఆ వారాల్లో మనిషి నాలుగు చోట్లకు తిరుగుతాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తొక్కించుకుంటాడు, ఆముదం కాచి పట్టు వేయించుకుంటాడు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, చివరికి వీడియోలో చూసిన వైద్యుడి దగ్గరికి వెళ్తాడు. నొప్పి పోయే సమయానికి ఎవరి దగ్గరున్నాడో వాళ్లకే పేరు దక్కుతుంది. అలా పేరొచ్చిన వైద్యుడు దగాకోరేం కాదు. తన చేతిలో ఏదో ఉందని ఆయన కూడా నిజంగానే నమ్ముతాడు.

ఎంఆర్ఐ కాగితం పట్టుకుని 'డిస్క్ జారిపోయిందంట' అని కుంగిపోయేవాళ్లకు కూడా ఒక ధైర్యం చెప్పాలి. నొప్పి ఏమాత్రం లేని మనుషుల వెన్నులను స్కాన్ చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో చూస్తే, ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 37 మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ల వాళ్లలో అది 96. డిస్క్ ఉబ్బు ఇరవైలో 30 శాతం, ఎనభైలో 84 శాతం. అంటే కాగితంలో రాసిన ప్రతిదీ నొప్పికి కారణం కాదు. బయటికి పొడుచుకొచ్చిన డిస్క్ ముక్కను శరీరమే నెమ్మదిగా కరిగించుకోవడం కూడా తరచుగా జరిగేదే. 'జారిన డిస్క్‌ను చేత్తో లోపలికి నెట్టేశాను' అనే మాటకు శరీర నిర్మాణంలో చోటు లేదు. పిరుదు నుంచి పిక్క కిందిదాకా లాగే నొప్పి, తిమ్మిరి ఉన్నవాళ్లకు గట్టి ఊపులు ఇచ్చే ముందు వైద్యుడు మరీ జాగ్రత్త పడాలి. కాలి బలం, రిఫ్లెక్సులు (తట్టినప్పుడు కాలు దానంతటదే కదలడం) పరీక్షించకుండా చెయ్యి వేయకూడదు.

ఈ నేల మీద ఏం చూడాలి?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలా ఊళ్లు, కర్నూలు, కడప జిల్లాల్లో కొన్ని ప్రాంతాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికినవే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. లోతైన బోర్ల నీళ్లలో అది దాటిపోతుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుంటుంది. ఎముకలను పట్టి ఉంచే స్నాయువుల్లో కూడా సున్నం చేరి అవి గట్టిపడతాయి. వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. ఎక్స్‌రేలో ఆ ఎముక మామూలు కన్నా తెల్లగా, దట్టంగా, బలంగా కనిపిస్తుంది. నిజానికి అది పెళుసు. ఎండిన కంది కట్టె లాంటి ఆ వెన్నును ఒక్క ఊపుతో తిప్పడం ఎంత పెద్ద ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇరుకైన దారిలో ఉన్న వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు చచ్చుబడవచ్చు.

ఫ్లోరోసిస్ అనే ఈ ఫ్లోరైడ్ జబ్బును అనుమానించడానికి క్షేత్ర స్థాయి ఆరోగ్య సిబ్బంది వాడే మూడు చిన్న పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటారు. ఇవి చేతకాకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేల్చలేం, మామూలు నడుము పట్టు ఉన్నవాడికి కూడా నాణెం తీయడం కష్టమే. కానీ నొప్పి ఏళ్ల తరబడి ఉండి, మెడ, నడుము రెండూ బిగుసుకుపోయి, పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుంటే, చెయ్యి వేయకముందు ముంజేతి ఎక్స్‌రే తీయించాలి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుని ఉండటం ఫ్లోరోసిస్‌కు మంచి గుర్తు. ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో మొదలైన జాతీయ కార్యక్రమం ఉంది. 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చి ఎంతోమందిని కాపాడింది. అయితే అంతకుముందు ఎముకలో పేరుకున్నది అంత తేలిగ్గా పోదు. పొలం దగ్గర దాహానికి బోరు నీళ్లు తాగడం కూడా ఆగిపోలేదు. యాభై దాటిన వాళ్లు నడుము నొప్పితో వస్తే, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారన్నది ఇక్కడి వైద్యుడు మొదట అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి.

రెండోది గొర్రెలు. అనంతపురం రాష్ట్రంలోనే గొర్రెల పెంపకం బాగా ఉన్న ప్రాంతం. ఈతలో సాయం చేస్తూ ఉత్త చేతులతో పిల్లను బయటికి లాగడం, ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) పిండాన్ని, మావిని చేత్తో తీసి పారేయడం, కాచని పాలు తాగడం కాపరులకు రోజువారీ పనులు. బ్రూసెల్లా అనే క్రిమి ఆ దారుల్లోనే మనిషికి అంటుకుంటుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రుళ్లు ఒళ్లు తడిసేంత చెమట, కీళ్ల నొప్పులు, బరువు తగ్గడం, వాటితో పాటు నడుము నొప్పి. ఇది వెన్నుపూసలోకి చేరి అక్కడే కాపురం పెట్టగలదు. రక్త పరీక్షతో తెలుస్తుంది. రెండు రకాల యాంటీబయాటిక్ మందులు కనీసం ఆరు వారాలు, వెన్నుకు పాకితే ఇంకా ఎక్కువ కాలం వాడితే నయమవుతుంది. కాపరి జ్వరం ఊసు చెప్పకుండా నడుము నొప్పి మాత్రమే చెప్పుకుంటే, వైద్యుడు అడిగి తెలుసుకోకపోతే, చీము పట్టిన వెన్నుపూస మీద ఊపులు పడతాయి.

వెన్ను క్షయ కూడా ఇలాంటిదే. టీబీ అంటే దగ్గు అనుకునే జనానికి అది ఎముకలకు కూడా వస్తుందని, ఎముకల్లో ఎక్కువగా వెన్నునే పట్టుకుంటుందని తెలియదు. నెలల తరబడి నెమ్మదిగా పెరిగే నొప్పి, పడుకున్నా తగ్గకపోవడం, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, ఆకలి పోవడం, వెన్ను మీద ఒకే చోట నొక్కితే ప్రాణం పోయేంత బాధ దీని గుర్తులు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, మందులు ఉచితం. ముందే పట్టుకుంటే నడిచే మనిషి నడుస్తూనే ఉంటాడు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే ఆలస్యమై నడుము కింద చచ్చుబడ్డాక అదే మందుతో పోయిన బలం అంతా తిరిగి రాదు.

మూడోది పల్చబడిన ఎముక. కీళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే మాత్రల పొట్లాల్లో, సూదుల్లో స్టెరాయిడ్ ఉండటం అరుదేం కాదు. మూడు రోజుల్లో నొప్పులు మాయమవుతాయి కాబట్టి మనిషి మళ్లీ మళ్లీ వెళ్తాడు. ఏళ్లు గడిచేసరికి ఎముక లోపల గుల్లబారుతుంది. దీనికి తోడు చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే ఆడవాళ్లు దేశంలో అన్నిచోట్ల కన్నా తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ. అండాశయాలు కూడా తీసేస్తే నలభైలోనే ఎముక పల్చబడటం మొదలవుతుంది. అలాంటి ఆమె నీళ్ల బిందె ఎత్తినప్పుడు నడుములో కలుక్కుమందంటే అది పట్టు కాకపోవచ్చు, వెన్నుపూస నలిగిపోయి ఉండవచ్చు. ఆమెను పడుకోబెట్టి మెలితిప్పితే ఒక పూస నలిగిన చోట రెండు నలుగుతాయి. చేసిన ఆపరేషన్ల గురించి, వాడిన మాత్రల గురించి అడగడం మొహమాటపడాల్సిన సంగతి కాదు.

నలభై లోపు మగపిల్లలకు, తెల్లవారుజామున నడుము బిగుసుకుని లేవలేకపోవడం, అరగంటకు పైగా తిరిగితే గానీ వదలకపోవడం, విశ్రాంతి తీసుకుంటే పెరిగి పనిచేస్తే తగ్గడం కనిపిస్తే అది వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయే వాతం కావచ్చు. వీళ్లను రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు చూడాలి. గతంలో క్యాన్సర్ వచ్చిన వాళ్ల నడుము నొప్పిని కూడా స్కాన్ లేకుండా ముట్టుకోకూడదు.

వీటన్నిటికన్నా తొందర చేయాల్సిన స్థితి ఒకటుంది. నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ పోవడం, పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్ను అడుగున ఉన్న నరాల గుత్తి నలుగుతోందని అర్థం. ఇది రోజుల్లో కాదు, గంటల్లో తేల్చాల్సిన పని. కైరోప్రాక్టర్ దగ్గరికీ కాదు, మసాజ్‌కీ కాదు, నేరుగా కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రికో కడప రిమ్స్‌కో చేరాలి. రాత్రయిందని తెల్లారేదాకా ఆగకూడదు.

మెడ సంగతి

నడుము మీద చేసే ఊపులకు, మెడ మీద చేసే ఊపులకు ముప్పులో తేడా ఉంది. మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు పోతాయి. మెడను వేగంగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. అరుదే. పైగా అప్పటికే ధమని చిరిగి, ఆ నొప్పితోనే వైద్యుడి దగ్గరికి వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉండవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతాయి. ఏది ముందు, ఏది వెనక అన్న వాదం తేలకపోయినా, రోగికి ఈ ముప్పు గురించి ముందే చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే సూచించింది. ఎప్పుడూ లేనంత కొత్త రకం మెడ నొప్పి, తల తిరగడం, మాట తడబడటం, చూపు రెండుగా కనిపించడం ఉంటే మెడను ఎవరి చేతికీ ఇవ్వకూడదు. గడ్డం కింద పట్టీ కట్టి ఒక్కసారిగా లాగే పద్ధతికి, క్షవరం అయ్యాక సెలూన్‌లో మెడ రెండు పక్కలా విరిచే అలవాటుకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మెడ నొప్పికి నెమ్మదిగా కదిపే పద్ధతులు, వ్యాయామాలు ఉండగా ఊపుల ముప్పు నెత్తిన వేసుకోవడానికి బలమైన కారణం కనిపించదు.

బెణుకులు, విరుగుళ్లు

కీళ్ల గాయాల్లో సీమకు పాత నమ్మకం పుత్తూరు కట్టు. ఎముక విరిగినా, చీలమండ బెణికినా పుత్తూరుకో, ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికో వెళ్లే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఆసుపత్రి దూరమైన కాలంలో మామూలుగా విరిగిన ఎముక కదలకుండా కట్టి ఉంచితే అతుక్కునేది, ఇప్పటికీ అతుక్కుంటుంది. చిక్కు వచ్చేది కీలు లోపల విరిగినప్పుడు, చర్మం చిట్లి ఎముక కనిపించినప్పుడు, కట్టు మరీ బిగిసినప్పుడు. కట్టు కింద వాపు పెరిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. వేళ్లు చల్లబడటం, తిమ్మిరెక్కడం, వేళ్లను కొద్దిగా చాపినా భరించలేని నొప్పి రావడం దాని గుర్తులు. అప్పుడు కట్టు వెంటనే విప్పి ఆసుపత్రికి పరుగెత్తాలి.

తాజా గాయానికి నూనె పెట్టి గట్టిగా రుద్దడం ఇక్కడి ఇంటింటి అలవాటు. పిల్లాడు చెట్టు మీది నుంచి పడి మోచేయి వాచిందంటే మొదట అమ్మమ్మో నాయనమ్మో చేసే పని అదే. ప్రేమతోనే చేస్తారు. కానీ దెబ్బతిన్న మోచేతిని రుద్దితే, బలవంతంగా చాపితే, కండరంలోనే ఎముక పుట్టుకొచ్చి చెయ్యి జీవితాంతం వంకరగా, బిగుసుకునే ఉండిపోవచ్చు. మోచేతికి దెబ్బ తగిలితే కదలకుండా ఉంచి ఎక్స్‌రే తీయించడమే పని.

చీలమండ బెణికితే ఎక్స్‌రే అవసరమా కాదా అన్నది తేల్చడానికి కెనడా వైద్యులు 1992లో ఒక సులువైన పద్ధతి ఇచ్చారు. లోపలి, బయటి గిలక ఎముకల వెనుక అంచు మీద గానీ కొన మీద గానీ నొక్కితే నొప్పి ఉండటం, లేదా గాయం తగిలిన వెంటనే వేయలేక, ఇప్పుడు కూడా నాలుగడుగులు వేయలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయాలి. ఏదీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. కబడ్డీలోనో, బైకు జారిపడో మోకాలిలో 'పట్' మన్న శబ్దం వినిపించి, కొద్ది గంటల్లోనే మోకాలు గుమ్మడికాయంత వాచితే లోపలి లిగమెంటు (ఎముకలను పట్టి ఉంచే స్నాయువు) తెగి ఉండే అవకాశం ఎక్కువ. తెగిన లిగమెంటును ఏ ఊపూ అతికించలేదు. భుజం ఊడినప్పుడు అక్కడికక్కడే లాగి సర్దడం కూడా మంచిది కాదు. ఎముక విరిగిందో లేదో, నరం దెబ్బతిన్నదో లేదో చూశాకే సర్దాలి.

మరి కీళ్ల గాయాల్లో చేతి వైద్యానికి చోటు ఎక్కడ? కట్టు తీశాక బిగుసుకుపోయిన కీలును నెమ్మదిగా కదపడంలో, బెణుకు తగ్గాక చీలమండకు పట్టు తిరిగి తెప్పించడంలో, షుగర్ ఉన్నవాళ్లకు తరచుగా వచ్చే భుజం పట్టు నొప్పి దశ దాటాక కదలిక పెంచడంలో. ఈ పనులు ఫిజియోథెరపిస్టులు రోజూ చేసేవే. కైరోప్రాక్టర్ చేసినా పద్ధతి దాదాపు ఒకటే.

ఎవరి చేతికి ఇవ్వాలి?

మన దేశంలో కైరోప్రాక్టర్లకు విడిగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. ఫిజియోథెరపీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చింది. బ్యాచిలర్ డిగ్రీకే నాలుగేళ్లకు పైగా చదవాలి. కైరోప్రాక్టిక్ విషయంలో అలాంటి రక్షణ రోగికి లేదు. ఇంతకుముందు వైద్య చదువు ఏదీ చదవనివాళ్లకు ఈ విద్య నేర్పాలంటే కనీసం 4,200 గంటల శిక్షణ, అందులో కనీసం వెయ్యి గంటలు పర్యవేక్షణలో రోగులను చూసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. రెండు రోజుల వర్క్‌షాప్‌లో సర్టిఫికెట్ తీసుకుని బోర్డు పెట్టినవాళ్లకూ, ఆ స్థాయిలో చదివినవాళ్లకూ తేడా రోగికి బోర్డు చూస్తే తెలియదు. అందుకే 'ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు' అని అడగడం తప్పు కాదు.

నిజాయితీగా పనిచేసేవాళ్ల తీరు వేరేగా ఉంటుంది. చెయ్యి వేసే ముందు చాలాసేపు మాట్లాడతారు. జ్వరం, బరువు తగ్గడం, మూత్రం, పాత ఆపరేషన్లు, వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రల గురించి అడుగుతారు. చిన్న సుత్తితో మోకాలు తట్టి చూస్తారు, కాలి బొటనవేలు పైకి ఎత్తమంటారు. కొందరిని 'మీకు ఇది చేయకూడదు' అని వెనక్కి పంపిస్తారు. నాలుగైదు సిట్టింగుల్లో మార్పు కనిపించకపోతే వాళ్లే ఆపేస్తారు. ముందే ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి డబ్బులు కట్టించుకోవడం, ప్రతి రోగికీ మెడ నుంచి తోక ఎముక దాకా ఒకే రకం ఊపులు ఇవ్వడం, అనుమతి అడగకుండా రోగి వీడియో తీయడం మంచి గుర్తులు కావు. వీడియోలో నవ్వుతూ లేచిన మనిషి ఆరు వారాల తర్వాత ఎలా ఉన్నాడో ఎవరూ చూపించరు.

నొప్పి తగ్గాక మనిషి తిరిగి వెళ్లేది అదే యార్డుకు, అదే చేనుకు. బల్ల మీద ఎంత బాగా సర్దినా, మర్నాడే పూర్తి బరువు వీపు మీదికెక్కితే నడుము మళ్లీ పట్టేస్తుంది. పెద్దవాళ్లయిన మగవాళ్లు చేత్తో మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. హమాలీకి దెబ్బ తగిలి తిరిగి పనిలోకి వచ్చినప్పుడు మొదట కొన్ని రోజులు ఇద్దరు కలిసి ఎత్తే పని, తర్వాత సగం లోడు, ఆ తర్వాత పూర్తి లోడు అని మేస్త్రీ ఒప్పుకుంటే, నొప్పి తిరగబెట్టడం తగ్గవచ్చు. గుంత మగ్గం నేతగాడు గంటకోసారి లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి ఒళ్లు విరుచుకుంటే అదే ఆయనకు రోజువారీ చికిత్స. కలుపు తీసే చోట పొడవాటి పిడి ఉన్న పనిముట్లు వాడితే ఆడకూలీల నడుము వంగే గంటలు తగ్గుతాయి. ఈ పనులకు కైరోప్రాక్టర్ అక్కర్లేదు. మేస్త్రీ, రైతు, మగ్గం యజమాని ఒప్పుకోవాలి. వాళ్లను ఒప్పించే పని కార్మిక శాఖది, యార్డు పాలకవర్గాలది, హమాలీ సంఘాలది.